చూడని వేలిముద్రకు సాక్షి సంతకం

చదువు చెప్పడం నా వృత్తి. చదవకుండా సంతకం పెట్టడం నా ప్రవృత్తి. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయని అడగకండి. ఇమిడాయి, అంతే. మొదటిదానికి ప్రభుత్వం నెలనెలా జీతం ఇచ్చేది. రెండోదానికి బ్యాంకువాళ్లు ఒక కప్పు కాఫీ, కూర్చోవడానికి ఒక కుర్చీ ఇచ్చేవాళ్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు జీతం కన్నా ఆ కుర్చీ మీదే మక్కువ. కుర్చీ వేసినవాళ్లే కుచ్చుటోపీ కూడా పెడతారన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ టోపీ నా తలకు పెట్టి ఉంటే ఇదంతా రాసేవాణ్ణి కాదు. నా చేత ఇంకొకరి తలకు పెట్టించారు. పెట్టేటప్పుడు నేను ఆ తల వైపు చూడను కూడా లేదు.

నయా పైసలు వచ్చినా సంతలో బేరాలు ఇంకా అణాల్లోనే సాగుతున్న రోజులవి. యాడికి పక్కన ఒక ఊళ్లో నేను బడి అయ్యవారిని. బస్సెక్కి 'యాడికి' అంటే, కొత్త కండక్టరైతే 'నేనడగాల్సిన మాట నువ్వడుగుతాండావే' అనేవాడు. మా ఊరి చుట్టూ బండల గనులు. వానొస్తే శెనక్కాయ, రాకపోతే రాయి. వానలు ఎప్పుడో గానీ రావు కనుక మా వాళ్లకు రాయితోనే సావాసం ఎక్కువ. అట్లాంటి ఊళ్లో, శెనక్కాయల మిల్లు పక్కన, ఒక ప్రైవేటు బ్యాంకు తలుపు తెరిచింది.

అక్షరం రానివాళ్లు బ్యాంకులో డబ్బు తీసుకోవాలంటే ఫారం మీద ఎడమ బొటనవేలి ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర ఫలానావాడిదేనని బ్యాంకుకు తెలిసిన మనిషి ఒకరు పక్కన సాక్షి సంతకం పెట్టాలి. ఊళ్లో బ్యాంకుకు తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకరు మిల్లు యజమాని. ఆయన ఎవరికోసమూ లేచి రాడు. రెండోవాణ్ణి నేను. ఎవరు పిలిచినా లేచి పోతాను. సాక్షి సంతకం పెట్టేవాడికి మనస్సాక్షి కూడా ఉండాలని ఫారంలో ఎక్కడా అడగలేదు గనుక నా అర్హతలకు లోటు రాలేదు.

బ్యాంకులో పెద్దను అప్పట్లో ఏజెంటు అనేవాళ్లు. ఈయన కోస్తా నుంచి వచ్చినవాడు. ఊరంతా నన్ను 'అయ్యోరా' అని పిలుస్తుంటే ఈయన ఒక్కడే 'మాస్టారూ' అని పిలిచేవాడు. ఆ ఒక్క పిలుపుకే నేను ఎన్ని సంతకాలు పెట్టానో. ఇనుప జాలీకి ఇవతల రైతులు తమ వంతు నంబరు ఇత్తడి బిళ్లలు పట్టుకొని పొద్దుటి నుంచి నిలబడి ఉండేవాళ్లు. గుమాస్తా తల ఎత్తేవాడు కాదు. ఎత్తితే 'రేపు రా' అనడానికే. నేను మాత్రం జాలీకి అవతల కూర్చొని కాఫీ ఊదుకుంటూ, వాళ్ల వైపు దయగా చూసేవాణ్ణి.

ఆ వరుసలోకి బండల సాయిబును తెచ్చి నిలబెట్టింది నేనే.

ఊళ్లో సగం ఇళ్ల మీద కప్పిన బండలు ఆయన గనిలో నుంచి తీసి, చెక్కి, మోసినవే. రాయి ఆయనది, కష్టం ఆయనది. బండి మాత్రం ఇంకొకడిది. బండలు ఊరికి చేర్చినందుకు ఆ బండివాడే ఆయన కష్టంలో పెద్ద భాగం పట్టుకుపోయేవాడు. అందుకే సొంతంగా ఒక జత ఎద్దులు, ఒక బండి కొనాలని సాయిబుకు కోరిక. కోరిక అనడం కన్నా లెక్క అనడం సబబు. ఎద్దులుంటే ఇంకో పదేళ్లు పని చేయగలడు. లేకపోతే ఆ బండలు మోసే నడుము ఎన్నాళ్లో నిలవదు. కూడబెట్టినదంతా ఇంట్లో ఒక బండ కింద దాచుకునేవాడు.

"బండ కింద పెట్టుకుంటే ఎవురన్నా ఎత్తకపోతారు సాయిబన్నా" అన్నాను ఒకరోజు.

"ఆ బండ ఎత్తేవోడు ఈ ఊర్లో నేనొకన్నే కదా అయ్యోరా. నా దుడ్లు నేనే ఎత్తకపోవాల."

"చెదలు పట్టితే? బ్యాంకులో పెడితే ఆ బాధ ఉండదు. పైగా వడ్డీ ఇస్తారు."

"నా దుడ్లు నేను వాళ్ల దగ్గర పెట్టినందుకు వాళ్లు నాకు దుడ్లిస్తారా? అట్లయితే ఆడ ఏదో మతలబు ఉండాది."

నేను నవ్వాను. చదువుకున్నవాడు చదువు రానివాణ్ణి చూసి నవ్వే నవ్వు ఒకటుంటుంది, ఆ నవ్వు. ఆయన ఆ నవ్వుకు సిగ్గుపడి, మరుసటి వారమే మూట కట్టుకొని నా వెంట వచ్చాడు.

ఖాతా తెరిచేటప్పుడు ఏజెంటు స్వయంగా సాయిబు బొటనవేలు పట్టుకొని, సిరాలో అద్ది, కార్డు మీద ఒత్తాడు. పడింది ముద్ర కాదు, మచ్చ. తుడిచి మళ్లీ ఒత్తాడు. మళ్లీ మచ్చే.

"గీతలేవయ్యా నీ వేలికి?"

"రాయి తినేసింది సార్" అన్నాడు సాయిబు, తప్పు చేసినవాడిలా.

చిన్నప్పటి నుంచి బండలు పట్టి పట్టి ఆ వేళ్లు నున్నగా అరిగిపోయాయి. దేవుడు రాసినదాన్ని రాయి చెరిపేసింది అని నేనొక చమత్కారం విసిరాను. ఏజెంటు మెచ్చుకున్నాడు. "మచ్చే కానివ్వండి, మాస్టారు ఉన్నారుగా" అంటూ కార్డు లోపల పెట్టేశాడు. నాకు ఒళ్లు పొంగింది. గీతలు లేని వేలికి నేనే గీతనన్నమాట. ఆ మాటలో ఎంత ప్రమాదం ఉందో మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆ కార్డు తీసుకుపోయి బీరువాలో పెట్టిన ప్యూనుకు తట్టింది.

ఆ తర్వాత చాలా నెలలు సాయిబు డబ్బు వేస్తూనే వచ్చాడు. తీసుకోవడానికి ఎప్పుడూ రాలేదు. అందుకే ఆయనకు నా సాక్షి సంతకంతో పని పడలేదు.

ఒకరోజు నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే బ్యాంకు ప్యూను ఒక ఫారం పట్టుకొని వచ్చాడు.

"సార్, బండల సాయిబు బ్యాంకులో కూచోనుండాడు. ముద్ర ఏసినాడు. మీ సంతకమొకటి కావాల. బడి జరుగుతాంటే మిమ్మల్ని యాష్ట పెట్టేదెంటికని నేనే తెస్తి."

"సాయిబు బాగుండాడా?"

"బాగుండాడు సార్. ఎద్దులు చూసినాడంట, తొందరపడతాండాడు."

ఎద్దులు అన్న మాట వినగానే నాకు సంతోషమైంది. ఫారం అందుకున్నాను. ముద్ర ఉండవలసిన చోట నల్లటి మచ్చ. దాన్ని చూసి, మన సాయిబు మచ్చే కదా అని ముచ్చటపడ్డాను కూడా. అంకె ఎంతో చూడలేదు. మిగతాది చదవలేదు. పిల్లలు 'ఏడారుల' దగ్గర ఆగిపోయి నా వైపు చూస్తున్నారు. 'నలభై రెండు' అంటూనే సంతకం గీకి ఇచ్చేశాను. ప్యూను సైకిలెక్కి వెళ్లిపోయాడు. బ్యాంకు బడికి ఎంతో దూరం లేదు. నాలుగు అడుగులు వేసి చూసి ఉంటే సాయిబు అక్కడ లేడని, ఆ గంటలో గనిలో ఉన్నాడని తెలిసేది. ఆ అడుగులు నేను వెయ్యలేదు.

వేలు పెడితే వేలు పోతాయంటారు. సాయిబుకు పోయినవి వందలే. అవీ ఆయన వేలు పెట్టకుండానే పోయాయి.

ఎద్దులమ్మే పరస, ఆ ఏటి జాతర, దగ్గరపడ్డాక సాయిబు బ్యాంకుకు వెళ్లాడు. గుమాస్తా రెండు మూడు దినాలు రేపు రా, రేపు రా అని తిప్పి, చివరికి 'నీ ఖాతాలో ఏముందని వచ్చినావు' అని పాస్‌బుక్కు జాలీ కింద నుంచి తోసేశాడు. సాయిబు తిన్నగా బడికి వచ్చాడు. వాకిలి బయటే నిలబడ్డాడు.

"అయ్యోరా, రొంత బ్యాంకు దాకా రా. వాళ్లు ఏమో చెప్తాండారు, నాకు అర్థం కాలే."

వెళ్లాము. నాకు కుర్చీ వేశారు. సాయిబు నిలబడ్డాడు. ఏజెంటు ఆ ఫారం తెప్పించి బల్ల మీద పరిచాడు. దాన్ని చూడగానే నాకు ఎక్కాల పాఠం గుర్తొచ్చింది. ఏజెంటు భూతద్దం తీసి పాత కార్డు మీది మచ్చనూ, ఫారం మీది మచ్చనూ చాలాసేపు పోల్చాడు. మచ్చకూ మచ్చకూ తేడా ఏం కనిపిస్తుంది? అద్దంలో చూస్తే ఇంకా పెద్ద మచ్చ కనిపిస్తుంది. ఏ వేలినైనా సిరాలో ముంచి కాస్త జరిపితే చాలు, ఆ మచ్చ తయారవుతుంది.

"రెండూ ఒకటే" అని తేల్చి ఆయన నా వైపు తిరిగాడు. "మాస్టారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఈయన మీ ఎదుటే ముద్ర వేశాడు కదా?"

ప్యూను గుమ్మం దగ్గర మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. లేదు అంటే, మరి చూడకుండా ఎందుకు పెట్టారని అడుగుతారు. ఆ మాట బడి ఇన్‌స్పెక్టరు దాకా పోతుంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో. ఊళ్లో ఇంకెవరు నన్ను సాక్షిగా పిలుస్తారు? ఇన్ని ఆలోచనలు తిరిగాయి నా బుర్రలో. వాటిలో సాయిబు లేడు. పక్కనే నిలబడి ఉన్నాడు గానీ, ఆలోచనలో లేడు.

"ఆ" అన్నాను.

పలక పట్టిన పిల్లవాడికి నేను నేర్పే రెండో అక్షరం అది. అంత పెద్ద అబద్ధం ఆడడానికి అంతకన్నా చిన్న మాట దొరకదు.

సాయిబు అరుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన నా ముఖం వైపు కాసేపు చూసి, ఏజెంటుతో నెమ్మదిగా అన్నాడు.

"అయ్యోరు చూసినాడంటే నేను ఏసింటా సార్. నాకే మతికి లేదు."

"అదీ సంగతి. వయసు మీద పడితే ఇలాగే ఉంటుంది" అని ఏజెంటు ఫారం మడిచేశాడు.

బయటికి వచ్చాక సాయిబు నన్ను ఆపాడు. "అయ్యోరా, ఆ పొద్దు దుడ్లు తీస్కోని నేను ఏ పక్కకు పోయినా? గని పక్కకా, సంత పక్కకా? నువ్వు చూసింటావు కదా."

"నేను చూడలేదన్నా" అన్నాను. ఆ దినమంతటిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆ తర్వాత సాయిబు వెతకడం మొదలుపెట్టాడు. తీసుకున్న డబ్బు ఎక్కడో పెట్టి మరిచిపోయానని ఆయన నమ్మకం. ఇంట్లో పరిచిన బండలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. గనిలో రాతిపొట్టు కుప్పలు తిరగేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, ఇప్పుడు నేను ఏమంటి అని ఎదుటివాళ్లను అడిగేవాడట. పనిలో సుత్తి ఎక్కడ పెట్టాడో రెండుసార్లు చూసుకునేవాడట. ఆయన భార్య మాత్రం తాగి తగలేశాడని తేల్చింది. ఆయన జన్మలో తాగలేదు. అయినా, 'తాగింటానేమో, అది కూడా మతికి లేదు' అన్నాడట.

ఈ సంగతులన్నీ మా ఇంటికి నా భార్య ద్వారా వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"పాపం ఆ సాయిబు ఇల్లంతా తవ్వుతాండాడంట. మీరే కదా సాక్షి. ఎంత తీస్కున్న్యాడో, ఎట్ల తీస్కున్న్యాడో రొంత మతికి చెయ్యకూడదా మీరు."

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె నా చేతి వైపు చూసింది, ముఖం వైపు చూసింది. ఆమె అడగకపోయేసరికి నేనే చెప్పేశాను. విని, చారు గిన్నె కింద పెట్టింది.

"తినేసి గనికి పోండి" అంది. "తినకపోయినా పోండి."

తినకుండానే పోయాను. సాయిబు ఒక బండ అంచున వరసగా ఉలి దెబ్బలు వేస్తున్నాడు. మేం నిలబడ్డ చోట చెట్టు నీడ లాంటిది ఏదీ లేదు. నేను మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఎండ గురించి అన్నాను.

"అన్నా, ఆ ముద్ర నువ్వు ఏసింది నేను చూడలేదు."

సుత్తి ఆడుతూనే ఉంది. "అంటే?"

"ప్యూను బడికి తెచ్చినాడు. నువ్వు బ్యాంకులో ఉండావన్నాడు. నేను చూడకుండానే సంతకం పెట్టినా. ఏజెంటు అడిగితే భయపడి ఆ అంటి."

సుత్తి ఆగింది. ఆయన లేచి నిలబడ్డాడు. నేను కాస్త వెనక్కి జరిగాను. దాచేదేముంది, సుత్తి ఆయన చేతిలోనే ఉంది.

"అయితే నాకు తిక్క పట్టలేదు."

"లేదన్నా."

"మతి పోలేదు."

"పోలేదు."

సాయిబు మళ్లీ కూర్చున్నాడు. తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు అయింది. నేను అటు వైపు తిరిగి నిలబడ్డాను.

"దుడ్లు పోతే మల్ల రాయి కొడతా అయ్యోరా" అన్నాడు తర్వాత. "నా మాట నేనే నమ్మకుండా అయిపోతి కదా ఇన్నాళ్లు. నీ మాట నమ్మితి." లేచాడు. "పా. ఈ మాట నాకు చెప్పితే ఏం లాభం? మా ఇంటిదానికి చెప్పు. అది ఎవురెవురికి చెప్పుకుండాదో వాళ్లందరి ఎదురుగా చెప్పు."

చెప్పాను. వీధిలో, అరుగుల మీద ఆడవాళ్లందరూ కూర్చుని ఉండగా, బడిలో పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. సాయిబు భార్య అంతా విని అంది.

"ఇన్ని అక్షరాలు నేర్చినావే, ఒక కన్ను తెరిసి చూసేది నేర్చలేదా అయ్యోరా? మా ఆయప్పను తాగుబోతోడని నేను తిట్టని తిట్టు లేదు. ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవురికియ్యాల?"

"నాకే ఇయ్యమ్మా."

"ఇస్తాలే. రొంత రొంత ఇస్తా."

ఆ బాకీ మాత్రం ఆమె వడ్డీతో సహా తీర్చుకుంది. నేను ఆ వీధి దాటినప్పుడల్లా ఒక మాట తగిలేది. దారి మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. అంతపాటి ధైర్యం ఆలస్యంగానైనా వచ్చింది.

బ్యాంకుకు ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఈసారి నాకు కుర్చీ వెయ్యలేదు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఏజెంటు కోపగించుకోలేదు. అదే ఘోరం. చిరునవ్వుతో ఆ ఫారమే మళ్లీ తీసి, అడుగున చీమల బారులా అచ్చయిన ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఇది చదవండి మాస్టారూ."

చదివాను. అన్ని సంతకాలు పెట్టిన తర్వాత, అదే మొదటిసారి చదవడం. తెలుగులో దాని సారాంశం ఇది: పై విషయమంతా ఖాతాదారుకు అతని భాషలో చదివి వినిపించి, అతడు పూర్తిగా అర్థం చేసుకున్న మీదట, నా సమక్షంలో వేలిముద్ర వేశాడని ధ్రువీకరిస్తున్నాను.

"దీని కింద సంతకం ఎవరిది?"

"నాది."

"మరి బ్యాంకు తప్పేముంది?"

"మీ ప్యూను..."

"ప్యూను సెలవులో ఉన్నాడు."

ఇంకోసారి పోతే ప్యూను బదిలీ అయ్యాడు. ఎక్కడికో మడకశిర వైపు అన్నారు. ఇంకోసారి పోతే హెడ్డాఫీసుకు రాశామన్నారు. మరోసారి, హెడ్డాఫీసు తమకు తిరిగి రాయలేదన్నారు. ఆ తర్వాత ఆ కాగితాలు చూసే గుమాస్తా పెళ్లికి పోయాడన్నారు. గుమాస్తా వచ్చాక ఎవరి పెళ్లో చెప్పాడు గానీ కాగితాల సంగతి చెప్పలేదు. పోలీసు స్టేషనుకు పోతే అక్కడి రైటరు, 'ముద్ర ఉండాది, సాక్షి ఉండాడు, ఇంగ కేసు యాడుండాదప్పా' అని మా ఇద్దరినీ పంపేశాడు.

"రాయి అయినా ఇన్ని దెబ్బలకు పగిలిండును అయ్యోరా" అన్నాడు సాయిబు ఒకరోజు బ్యాంకు మెట్లు దిగుతూ.

చివరికి ఏజెంటు నన్నొక్కణ్ణే పక్కకు పిలిచి చెప్పాడు. "దీన్ని పెద్దది చేస్తే మీ ఇన్‌స్పెక్టరుగారికి కూడా తెలియపరచాల్సి వస్తుంది. మీ మంచికే చెబుతున్నాను." ఆ తర్వాత సాయిబు ఇంకొన్నాళ్లు తిరిగాడు. నేను తిరగలేదు. బడి ఉందని చెప్పేవాణ్ణి. బడి ఎప్పుడూ ఉండేదే. ఇది కూడా నా లెక్కలో వెయ్యాల్సిందే.

జీతంలో నుంచి నెలకింత అని సాయిబుకు ఇవ్వడం మొదలుపెట్టాను. మొదటి నెల తీసుకుపోయేటప్పుడు మనసులో ఒక మూల చిన్న ఆశ ఉండింది. పెద్దమనసుతో వద్దంటాడేమో, నేను బలవంతపెట్టినట్టు పెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చేమో అని. ఆయన చెయ్యి చాపాడు.

"ఇయ్యి అయ్యోరా. ఎద్దుకు నీ బాధ మేపితే తినదు కదా."

అదంతా తీరేసరికి ఎద్దుల ధరలు పెరిగిపోయాయి. జతకు చాలలేదు. ఒక్క ఎద్దును కొని, ఒంటెద్దు బండి కట్టించుకున్నాడు. చిన్న బండలకే అది పనికొస్తుంది. పెద్దవి యథాప్రకారం ఆయన నడుమే మోయాలి. ఆ బండి రోజూ బడి ముందు నుంచే పోయేది. రెండో ఎద్దు ఉండాల్సిన చోట నేను కనిపించేవాణ్ణి, నాకు. మెడ మీద కాడి లేదు, అంతే తేడా.

ఆ మరుసటి ఏడు, ఎన్నాళ్లకో, వానలు పడ్డాయి. శెనక్కాయ పండింది. దసరా సెలవులు అయిపోయాక ఏజెంటు స్వయంగా బడికి వచ్చాడు. నేను బ్యాంకు గడప తొక్కడం మానేశాక వేలిముద్రల వాళ్లకు సాక్షి లేకుండా పోయాడు. మిల్లు యజమాని ఎప్పటిలాగే లేచి రాడు. దాంతో జనం కాయలు అమ్మిన డబ్బు మండీ వ్యాపారి దగ్గరే వదిలేస్తున్నారు.

"మాస్టారూ, జరిగిందేదో జరిగింది. సంతరోజు ఒక్క పూట వచ్చి సంతకాలు పెట్టండి. పాపం రైతులు ఇబ్బంది పడుతున్నారు."

"తప్పకుండా వస్తా సార్" అన్నాను.

ఇంట్లో నా భార్య ముఖం మాడ్చుకుంది. "మళ్లానా?"

"ఈసారి చదివి పెడతానే" అన్నాను.

శనివారం సంత. శనివారం బ్యాంకు కూడా సగం పూటే. నేను పోయేసరికే వరుస మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. మొట్టమొదటి మనిషి ఒక ముసలి రైతు. ఆయన ఫారం అందుకొని, జాలీ పక్కన నిలబడి, బడిలో చివరి బెంచీకి వినిపించే గొంతుతో మొదలుపెట్టాను.

"పెద్దాయనా, ఇది బ్యాంకువాళ్ల కాగితం. నీ భాషలో నీకు చదివి చెప్పల్లని ఈడ రాసుండాది. ఇను. ఖాతాదారు అంటే నువ్వు. దిగువ సంతకం చేసినవాడు అంటే నేను."

బ్యాంకు పేరు నుంచి అడుగున ముద్రాపకుడి పేరు దాకా ఏదీ వదల్లేదు. ప్రతి వాక్యం ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎందుకంటే 'అర్థం చేసుకున్న మీదట' అని ఉంది. అర్థమయిందా అని అడిగేవాణ్ణి. అర్థం కాలేదంటే మళ్లీ చెప్పేవాణ్ణి. సంతకు వచ్చినవాళ్లు గుమిగూడారు. దుడ్లు తీసుకోవాలంటే బ్యాంకు ముందుగా నోటీసు అడగవచ్చునన్న ముక్క దగ్గర పెద్దాయన చెయ్యెత్తాడు.

"నా దుడ్లు నేను తీస్కునేదానికి వాళ్లకు ముందే చెప్పల్లనా? ఎంటికప్పా?"

"నాకూ తెలీదు పెద్దాయనా. ఏజెంటుగారినే అడుగుదాం" అని లోపలికి కేక వేశాను. ఏజెంటు వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆయన కోస్తా తెలుగు పెద్దాయనకు సరిగ్గా ఎక్కలేదు. నేను దాన్ని మా తెలుగులోకి మార్చాను. వెనక నుంచి ఇంకొకడు 'మల్లొకసారి చెప్పు అయ్యోరా, ఈ పక్కకు ఇనపళ్లే' అన్నాడు. చెప్పాను.

రెండో మనిషి ఫారం మీద ముద్ర ముందే వేసుకొచ్చాడు. "ఇది నేను చూడలేదన్నా" అని చింపి, కొత్త ఫారం తెప్పించి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.

ఇదంతా ఒక మనిషి వినాల్సింది. ఆ మనిషి వరుసలో లేడు. ఆయన బ్యాంకు మెట్లెక్కడం ఏనాడో మానేశాడు. చదువుతున్నంతసేపూ అది గుచ్చుతూనే ఉంది, గొంతు మాత్రం తగ్గించలేదు.

గడియారం చూసుకుంటూ ఏజెంటు జాలీ దాటి ఇవతలికి వచ్చాడు. చెమటలు పట్టి ఉన్నాడు.

"మాస్టారూ, ఏమిటిది? బ్యాంకు మూసే వేళవుతోంది, ఇంకా ముగ్గురు కూడా కాలేదు. ఊరికే సంతకం పెట్టేయండి."

"చదివి వినిపించకుండానా సార్?"

"ఇవన్నీ ఎవరు చదువుతారండీ. మామూలుగా పెట్టేదే కదా."

"ఆ మాటే ఒక కాగితం మీద రాసియ్యండి సార్. సాక్షి చదవకపోయినా, చూడకపోయినా బ్యాంకుకు ఏ అభ్యంతరమూ లేదని. కింద మీ సంతకం. దానికి సాక్షి సంతకం నేను పెడతా."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నా వైపు, వరుస వైపు, వీధి దాకా పోయిన దాని తోక వైపు చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

నేను తర్వాతి ఫారం అందుకున్నాను. దాని యజమానురాలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడ్డ ఒక ముసలామె.

"రా అవ్వా" అన్నాను. "పైనుంచి మొదలుపెడతా. ఇనపడకపోతే చెప్పు, ఇంగా గట్టిగా చదువుతా."